స్వర్ణముఖి ఒడ్డున గుడిమల్లం: ఒక ఊరు, దాని ఉమ్మడి సొత్తు

ప్రతి ఏటా ఈ పుస్తకంలో మన సంఘాల పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాము. లెక్కలు ఉండాల్సిందే. కానీ ఆ లెక్కల వెనక ఊళ్లు ఉన్నాయి, ఊళ్ల వెనక ఏరు ఉంది. అందుకని ఈసారి మన యేర్పేడు మండలంలోని గుడిమల్లం ఊరి చరిత్ర రాస్తున్నాము. మేము పదో తరగతి చదివినోళ్లం, పండితులం కాము. పెద్దలు రాసినవి చదువుకొని, మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతున్నాము.

గుడిమల్లం గుడి గురించి చాలామంది రాసినారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతారు. మేము రాయాలనుకున్నది గుడి ఒక్కటే కాదు. ఏటి ఒడ్డున ఉండే చిన్న ఊరు ఇన్ని వందల ఏండ్లు ఎట్లా నిలబడింది, దేన్ని ఉమ్మడిగా పెట్టుకుంది, ఆ ఉమ్మడి సొత్తును ఎట్లా కాపాడుకుంది, ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని బయట పెట్టింది అనేది. సంఘం నడిపే మనకు కావాల్సిన చరిత్ర అదే.

ముందు ఏరు గురించి

స్వర్ణముఖి పాకాల వైపు కొండల్లో పుడుతుంది. చంద్రగిరి దగ్గర తొండవాడలో భీమా, కల్యాణి ఏర్లు దీంట్లో కలుస్తాయి. అక్కడి నుంచి తిరుచానూరు పక్కగా వచ్చి, మన మండలం దాటి, శ్రీకాళహస్తి గుడి గోడలను ఒరుసుకొని పోయి, నాయుడుపేట మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 130 కిలోమీటర్లు. కృష్ణా, గోదావరి ముందర ఇది చిన్న ఏరు. జీవనది కూడా కాదు. మనకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, తుపాన్లతో వస్తుంది. అప్పుడు పది రోజులు ఏరు పారుతుంది, ఒక్కోసారి పొంగుతుంది. ఎండాకాలంలో చూస్తే అంతా ఇసుకే.

కానీ మన అవ్వలకు తెలుసు, ఎండిన ఏరు అంటే నీళ్లు లేని ఏరు కాదని. నీళ్లు ఇసుక కింద ఉంటాయి. చిత్రావతి, పాపాఘ్ని, పాలారు, ఏదైనా సరే, రాయలసీమ ఏర్లన్నిటి గుట్టు ఇదే. ఇసుకలో గుంత తవ్వితే చెలమ. మొదట ఊరిన బురద నీళ్లు చిప్పతో తోడి పారబోయాలి. మళ్లీ ఊరిన నీళ్లు తేటగా ఉంటాయి. అవి బిందెకు ఎత్తుకోవాలి. చెలమ తవ్వింది, తోడింది, మోసింది ఎక్కువగా ఆడవాళ్లే.

ఇదే పనిని ఊరంతా కలిసి పెద్దగా చేస్తే అది ఊట కాలువ. ఏటి ఇసుకలో పొడుగునా కాలువ తవ్వితే, ఊరిన నీళ్లు నిదానంగా పారి చెరువుకో, కయ్యలకో చేరతాయి. వరద వచ్చినప్పుడల్లా ఇసుక కొట్టుకొచ్చి కాలువ పూడిపోతుంది. మళ్లీ ఏటా తవ్వుకోవాల్సిందే. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ఏటి ఒడ్డు ఊళ్లో కలిసి ఉండడం మంచితనం వల్ల కాదు, అవసరం వల్ల వచ్చింది. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే తర్వాత రాసేది అంతా తేలికగా అర్థమవుతుంది.

గుడిలో ఉన్నది ఏమి

గుడిమల్లానికి పాపానాయుడుపేట మీదుగా పోవాలి. గుడి పల్లంలో ఉంది కాబట్టి గుడిపల్లం అని, అదే గుడిమల్లం అయిందని కొందరు చెబుతారు. గుడి పేరు పరశురామేశ్వర స్వామి గుడి. లోపల ఉండే లింగం సుమారు అయిదడుగుల ఎత్తు. లింగం మీదనే ముందు పక్క శివుడి రూపం చెక్కి ఉంది. ఒక మరుగుజ్జు భుజాల మీద నిలబడి ఉంటాడు. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజాన గండ్రగొడ్డలి. జంధ్యం లేదు.

1911లో టి.ఎ. గోపీనాథరావు గారు ఈ గుడిని పరిశీలించి తర్వాత పుస్తకంలో రాసిన మీదట బయట లోకానికి దీని సంగతి తెలిసింది. క్రీస్తుకు ముందు రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంకొంచెం ముందని, కాదు తర్వాతదని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎట్లా చూసినా దేశంలో దొరికిన లింగాల్లో చాలా పాతవాటిలో ఇది ఒకటి. 1954 నుంచి కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో ఉంది. 1973-74లో ఆ శాఖ తరఫున ఐ. కార్తికేయ శర్మ గారు తవ్వకాలు చేయించినారు. మొదట్లో లింగం ఆరుబయట ఉండేదని, దాని చుట్టూ చదరంగా రాతి కంచె ఉండేదని అప్పుడు తేలింది. తర్వాత ఇటుకల గుడి, ఆ తర్వాత రాతి గుడి వచ్చినాయి. ఇప్పుడు చూసే గర్భగుడి వెనక భాగం ఏనుగు వీపు మాదిరి గుండ్రంగా ఉంటుంది. నేల మట్టం కంటే లోపలికి ఉంటుంది.

పండితులు చెప్పేది పండితులు చెబుతారు. మాకు తోచింది ఒకటి ఉంది. పొట్టేలు, కుండ, గొడ్డలి. మంద మేపుకునేవాళ్లు, కుండతో నీళ్లు తెచ్చుకునేవాళ్లు, గొడ్డలితో అడివి కొట్టి పొలం చేసుకునేవాళ్లు. ఏటి ఒడ్డు ఊరికి కావాల్సిన మూడు పనులూ ఆ రాతి మీద ఉన్నాయి. అది చెక్కినవాళ్ల మనసులో ఏముండిందో గానీ, మన మాదిరి వాళ్లు చూస్తే మన పనిముట్లే కనిపిస్తాయి.

గర్భగుడి లోతులో ఉండడంతో అందులోకి నీళ్లు ఊరి వస్తాయని, అరవై ఏండ్లకు ఒకసారి అట్లా జరుగుతుందని జనం చెప్పుకుంటారు. 2005 డిసెంబరు 4న అట్లా వచ్చిందని గుడి దగ్గర చెబుతారు. నమ్మకం సంగతి ఎట్లా ఉన్నా, ఏటికి, గుడికి కింద నుంచి సంబంధం ఉందని ఊరు ఎప్పుడో కనిపెట్టిందని మాత్రం దీంతో తెలుస్తుంది.

రాళ్ల మీద లెక్కలు

గుడిలో పల్లవుల కాలం నాటి, బాణ రాజుల నాటి, చోళుల నాటి శాసనాలు ఉన్నాయి. అప్పట్లో ఈ ప్రాంతం తొండమండలంలో భాగం. అందుకని అవి తమిళంలో ఉన్నాయి. వాటిలో ఊరి పేరు గుడిమల్లం అని ఉండదు, తిరువిప్పిరంబేడు అని ఉంటుంది. విక్రమ చోళుడి కాలంలో, 1126లో, గుడిని తిరిగి కట్టినట్టు ఒక శాసనం చెబుతుంది. మిగిలినవాటిలో గుడికి రోజువారీ పూజ జరగడానికి భూమి, సొమ్ము, ఆవులు ఇచ్చిన సంగతులు ఉన్నాయి.

శాసనం అంటే రాజుగారి గొప్పలు అనుకుంటాము. మొదటి నాలుగు మాటలు అట్లానే ఉంటాయి. తర్వాత చదివితే అది మన మినిట్స్ పుస్తకం మాదిరే ఉంటుంది. ఎవరు ఇచ్చినారు, ఎంత ఇచ్చినారు, ఎవరి చేతికి ఇచ్చినారు, దాని మీద వచ్చేదాంతో ఏమి చేయాలి, ఎంత కాలం చేయాలి. చివరికి, దీన్ని చెడిపినవాళ్లకు పాపం తగులుతుందని ఒక మాట. మనం పుస్తకంలో రాసి సంతకాలు పెడతాము. వాళ్లు రాతి మీద చెక్కి గుడి గోడలో పెట్టినారు. అక్షరం తెలిసినోడు ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

ఆ కాలం దానాల్లో మాకు చాలా నచ్చింది దీపానికి ఇచ్చే గొర్రెల లెక్క. గుడిలో అఖండ దీపం పెట్టించాలంటే నెయ్యి కావాలి. ఇచ్చేవాళ్లు నెయ్యి ఇవ్వరు, గొర్రెలు ఇస్తారు. చోళుల కాలంలో ఒక దీపానికి తొంభై అని, చాలా చోట్ల తొంభై ఆరు అని లెక్క. వాటిని ఒక గొల్లాయనకు అప్పగిస్తారు. ఆయన రోజూ ఇంత అని కొలిచి నెయ్యి పోయాలి. ఆ గొర్రెలకు శాసనాల్లో ఒక పేరు ఉంది. తెలుగులో చెప్పాలంటే 'చావని, ముసలి కాని గొర్రెలు'. గొర్రె చావకుండా ఉంటుందా? ఉండదు. కానీ మందలో పిల్లలు పుడతా ఉంటాయి. ముసలివి పోతే పిల్లలు ఆ లెక్కలోకి వస్తాయి. లెక్క తొంభై ఆరు ఎప్పుడూ తగ్గకూడదు. పెరిగింది మేపినోడికి, నెయ్యి దీపానికి, మంద మాత్రం అట్లానే.

అక్కలారా, ఇది ఏమిటి? మన సామాజిక పెట్టుబడి నిధి ఇదే కదా! మండల సమాఖ్య నుంచి గ్రామ సంఘానికి, గ్రామ సంఘం నుంచి చిన్న సంఘానికి, సంఘం నుంచి సభ్యురాలికి పోతుంది. ఆమె ఆవు కొంటుంది, కుట్టుమిషన్ కొంటుంది, చెనిక్కాయ విత్తనాలు కొంటుంది. వాయిదాల్లో తిరిగి వస్తుంది. ఇంకొకామెకు పోతుంది. అసలు చావకూడదు. అసలును కోసుకొని తింటే ఆ పూటకు కూర అవుతుంది గానీ, మరుసటి రోజుకు దీపం ఆరిపోతుంది. వెయ్యేండ్ల కిందట మన ఏటి పక్క ఊళ్లు ఈ సంగతి గొర్రెల మీద నేర్చుకున్నాయి.

దానం సొమ్ముతో చెరువు

మన పక్కనే తిరుమల ఉంది. అక్కడ 966లో సామవై అనే పల్లవ రాణి వెండితో భోగ శ్రీనివాస మూర్తిని చేయించి, ఉత్సవాలకు భూములు ఇచ్చినట్టు శాసనం ఉంది. ఒక ఆడమనిషి పేరు రాతి మీద వెయ్యేండ్లకు పైగా నిలిచింది. ఆమె రాణి కాబట్టి నిలిచింది అనే మాట కూడా నిజమే.

ఇంకా పెద్ద సంగతి విజయనగర రాజుల కాలంలో, అంటే పదిహేను, పదహారో శతాబ్దాల్లో జరిగింది. స్వామికి నైవేద్యం జరగాలని భక్తులు సొమ్ము ఇచ్చేవాళ్లు. ఆ సొమ్మును గుడివాళ్లు నేరుగా బియ్యం కొనడానికి వాడేవాళ్లు కాదు. గుడికి ఉన్న ఊళ్లల్లో చెరువులు తవ్వించడానికి, కాలువలు బాగు చేయించడానికి ఖర్చు పెట్టేవాళ్లు. నీళ్లు వస్తే పంట పెరుగుతుంది. పెరిగిన పంటలో వచ్చిన భాగంతో నైవేద్యం చేసేవాళ్లు. బర్టన్ స్టైన్ అనే అమెరికా చరిత్రకారుడు తిరుమల శాసనాలు చదివి దీన్ని వివరంగా రాసినాడు. దేవుడి సొమ్ము మట్టి పని చేసేవాళ్ల కూలిగా మారి, చెరువుగా మారి, వరిగా మారి, మళ్లీ దేవుడి ముందు ప్రసాదంగా వచ్చింది. ఇక్కడ కూడా అసలు చావలేదు. చెరువు అయి నిలిచింది.

రాయలచెరువు మనందరికీ తెలుసు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెబుతారు. 2021 నవంబరు వానలకు ఆ చెరువు కట్టకు నీళ్లు కారితే కింద ఊళ్లను ఖాళీ చేయించినారు. ఇసుక మూటలు వేసి కట్టను నిలబెట్టినారు. అయిదు వందల ఏండ్ల కిందటి పని ఇప్పటికీ మన ప్రాణాల మీద ఉంది. మంచికైనా, కష్టానికైనా.

లెక్క చెప్పనివాళ్లకు చోటు లేదు

ఈ దానాల సొమ్ము, భూములు చూసుకోవడానికి ఊరికి సభ ఉండేది. సభ ఎట్లా నడవాలో వివరంగా చెప్పే శాసనం తొండమండలంలోనే ఉత్తరమేరూరులో ఉంది. ఇప్పుడు తమిళనాడులో ఉంది. సుమారు 920 నాటిది, పరాంతక చోళుడి కాలం. సభ్యులను ఎంచడానికి పేర్లు ఆకుల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడితో తీయించేవాళ్లు. ఏడాదికొకసారి మార్పు. చెరువు చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఒకటి ఉంది. ముందు కమిటీలో ఉండి లెక్క చెప్పనివాళ్లు, వాళ్ల దగ్గరి బంధువులు మళ్లీ ఎన్నికకు పనికి రారు.

ఇది చదివితే మనకు సంతోషంగా ఉంటుంది. కానీ మిగిలిన నిబంధనలు కూడా చదవాలి. వయసు 35 నుంచి 70 లోపల ఉండాలి. సొంత స్థలంలో ఇల్లు ఉండాలి. పన్ను కట్టే భూమి ఉండాలి. వేదం తెలిసి ఉండాలి. అంటే భూమి లేని కూలివాళ్లకు, మంద కాసేవాళ్లకు, ఆడవాళ్లకు ఆ కుండలో పేరు లేదు. దీపానికి గొర్రెలు మేపిన గొల్లాయన భార్య మజ్జిగ చిలికి, వెన్న తీసి, నెయ్యి కాచి ఉంటుంది. దీపం ఆమె చేతి మీద వెలిగింది. ఆమె పేరు ఏ రాతి మీదా లేదు.

ఊట కాలువలో ఊరంతా కలిసి తవ్వినారు అంటాము. తవ్విన తర్వాత నీళ్లు ఎవరి కయ్యకు ముందు పోవాలి అనేది కొందరే తేల్చినారు. చెలమల కాడ కూడా మన పల్లెల్లో ఎవరి చెలమ వాళ్లదే అనే పట్టింపులు నిన్న మొన్నటి దాకా ఉండినాయి. ఒకే ఏరు, ఒకే ఇసుక, ఒకే ఊట. అయినా కులానికి ఒక గుంత. కలిసి బతికినారు అంటే సమానంగా బతికినారు అని అర్థం కాదు. ఈ మాట దాచిపెట్టి ఊరి చరిత్ర రాస్తే అది సగం చరిత్ర.

ఊరి పని, పూసల పని

చెరువు కట్ట వేయడం, తూము బాగు చేయడం, కాలువ పూడిక తీయడం ఇంటికి ఒక మనిషి చొప్పున పోయి చేసే ఆచారం మన వైపు, తమిళ దేశంలో చాలా కాలం ఉండింది. దాన్ని కుడిమరామత్తు అనేవాళ్లు. చెరువు కట్టించినవాళ్లకు, బాగు చేయించినవాళ్లకు దాని కింద భూమిలో పదో వంతు లెక్కన దశబంధం ఇనాం ఇచ్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్ల పాలనలో పన్ను వసూలు గట్టిపడింది, చెరువుల బాగుకు పెట్టే ఖర్చు తగ్గింది, ఊరి పట్టు వదులయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి, ఊరివాళ్లు పనికి రాకపోతే జరిమానా అని పెట్టింది. చట్టంతో పని నిలబడలేదు. తమది అనుకున్నప్పుడు చేసిన పనిని, సర్కారుది అనుకున్నప్పుడు ఎవరు చేస్తారు?

కలిసి చేసే పనికి మన పక్కనే ఇంకొక గుర్తు ఉంది, పాపానాయుడుపేట గాజు పూసలు. కరిగిన గాజు ముద్దను ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమిలో పెట్టి, అందులోంచి సన్నని గొట్టాన్ని చేత్తో లాగుతారు. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోస్తారు. బూడిదతో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచులు నునుపు తేలి పూసలు అవుతాయి. రెండు వేల ఏండ్ల కిందట పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఈ రకం పూసలే చేసి సముద్రాల మీద పంపినారు. పీటర్ ఫ్రాన్సిస్ అనే పూసల పరిశోధకుడు పాపానాయుడుపేట వచ్చి చూసి, ఆ పాత పద్ధతి ఇక్కడ బతికి ఉందని లోకానికి చెప్పినాడు. కొలిమి ఒక్కడితో నడవదు. ఒకరు కరిగించాలి, ఒకరు లాగాలి, ఒకరు కోయాలి. ఒక చెయ్యి ఆగితే గాజు గట్టిపడిపోతుంది.

మన కుండలో మన పేర్లు

ఇంత వెనకటి సంగతులు చెప్పి మన దగ్గరికి వస్తే, మన సంఘాల చరిత్ర చాలా చిన్నది. 1982లో దేశంలో డ్వాక్రా పథకం మొదలయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా వద్దని లేచినారు, రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయి పొదుపుకు రావాలని రోజుకు ఒక రూపాయి లెక్కన పొదుపు సంఘాలు పెరిగినాయి. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే పని మొదలుపెట్టింది. 2000లో వెలుగు వచ్చింది, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు అయినాయి. 2010లో వారం వారం ఇంటి ముందర కూర్చొని వసూలు చేసే ప్రైవేటు అప్పుల బాధ ఎక్కువై, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పుడు మన సంఘం అప్పు విలువ ఏమిటో చాలామందికి తెలిసింది.

మన పంచ సూత్రాలు చూడండి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఉత్తరమేరూరు రాతి మీద ఉన్న మంచి అంతా ఇందులో ఉంది, చెడ్డ లేదు. భూమి ఉండాలని లేదు, వేదం రావాలని లేదు, ఫలానా కులం కావాలని లేదు. వేలిముద్ర వేసే ఆమె కూడా లీడరు కావచ్చు. గుడిమల్లం రాళ్ల మీద లేని పేర్లు మన పుస్తకాల్లో ఉన్నాయి. ఇది చిన్న మార్పు అనుకోవద్దు. ఏటి ఒడ్డు ఊళ్ల చరిత్రలో ఉమ్మడి సొత్తు లెక్క ఇంత మంది ఆడవాళ్ల చేతికి వచ్చింది ఇప్పుడే.

కానీ ఒకటి మిగిలిపోయింది. మన చేతికి వచ్చింది డబ్బు లెక్క. నీళ్ల లెక్క రాలేదు. 1997 చట్టంతో నీటి సంఘాలు ఏర్పడినాయి. భూమి పేరున ఉన్నవాళ్లే వాటిలో ముఖ్య సభ్యులు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. కాగితం మీద వచ్చింది పాసు పుస్తకంలోకి ఇంకా పూర్తిగా రాలేదు. నీళ్లు మోసేది మనం, నీళ్ల గురించి మాట్లాడే కుర్చీ వేరేవాళ్లది.

ఇసుకే ఏటి అసలు

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాము. ఏటికి నీళ్లు వడ్డీ అయితే ఇసుక అసలు. వాన నీళ్లు వస్తాయి, పోతాయి. వాటిని పట్టి పెట్టుకొని ఎండాకాలం దాకా ఇచ్చేది ఇసుక. ఇసుక పొర మందంగా ఉంటే చెలమ ఊరుతుంది, ఒడ్డు బావిలో నీళ్లు ఉంటాయి, బోరు పైనే తగులుతుంది. ఇసుక తీసేస్తే ఏటి అడుగు లోతుకు పోతుంది. కాలువ తల పైన మిగిలిపోతుంది, నీళ్లు కిందనే పోతాయి. ఆగి ఇంకాల్సిన నీళ్లు దొర్లుకుంటా సముద్రానికి పోతాయి. వరద వస్తే ఒడ్డు కోసుకుపోతుంది.

ఇల్లు కట్టుకోవడానికి ఇసుక అందరికీ కావాలి. మన సంఘాల అప్పుతో కట్టుకున్న ఇళ్లల్లో కూడా ఏటి ఇసుకే ఉంది. బండికి ఎత్తుకున్న ఇసుకను మరుసటి వరద తెచ్చి పోస్తుంది. అది గొర్రె పిల్లను వాడుకున్నట్టు. రాత్రిళ్లు మిషన్లు పెట్టి లారీలకు ఎత్తేది మందను కోసినట్టు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా అంటారు కదా, అది భూగర్భజలం దెబ్బతినే చోట ఇసుక తీయకూడదనే చెబుతుంది. చట్టం ఉంది. కాపలా ఊరు ఉండాలి.

2021 నవంబరు 18, 19 తేదీల్లో పడిన వానకు స్వర్ణముఖి ఎట్లా పొంగిందో మనం చూసినాము. తిరుపతి వీధుల్లో నీళ్లు పారినాయి, తిరుచానూరు వైపు ఏటి ఒడ్డు ఇళ్లు కూలినాయి. ఎండాకాలం వస్తే అవే ఊళ్లల్లో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో ఉంటాయి. కింద శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లకు గుడ్డ ఉతకడానికి పారే నీళ్లు కావాలి, ఆ నీళ్లు ఉంటేనే రంగు తేరుతుంది. ఒక ఊరు పైన ఇసుక పోగొట్టుకుంటే ఇంకొక ఊరు కింద పని పోగొట్టుకుంటుంది. ఏటికి మండలాల సరిహద్దు తెలియదు.

గ్రామ సంఘాలకు మా మనవి

ఈ చరిత్ర అంతా చదివి మేము నేర్చుకున్నది ఒకటే. ఊరు నిలిచింది ఉమ్మడి సొత్తు చావకుండా చూసుకున్నన్ని రోజులు. అది గొర్రెల మంద కావచ్చు, చెరువు కావచ్చు, సంఘం నిధి కావచ్చు, ఏటి ఇసుక కావచ్చు. లెక్క రాసి అందరికీ కనిపించేట్టు పెట్టినప్పుడు నిలిచింది. లెక్కలో కొందరే ఉన్నప్పుడు కొందరికే నిలిచింది.

అందుకని వచ్చే సంవత్సరం ప్రతి గ్రామ సంఘం తన మినిట్స్ పుస్తకంలో నాలుగు పేజీలు ఊరి నీళ్లకు కేటాయించాలని కోరుతున్నాము. మొదటి పేజీలో మన ఊరి చెరువు, కుంట, కాలువ, బావి, వాటి పేర్లు, ఇప్పుడు ఎట్లా ఉన్నాయో రాయాలి. రెండో పేజీలో అవ్వలను అడిగి చెలమలు ఎక్కడ ఉండేవి, ఎన్ని అడుగులకు నీళ్లు తగిలేవి, ఎవరు ఎక్కడ తోడుకునేవాళ్లు అనేది ఉన్నది ఉన్నట్టు రాయాలి. మూడో పేజీలో ఈ ఏడాది బోర్లు ఎన్ని అడుగులు పోయినాయో నెలవారీగా రాయాలి. నాలుగో పేజీలో ఏట్లో ఇసుక ఎక్కడ తీస్తా ఉన్నారు, ఎంత లోతు పోయింది, గ్రామ సభలో ఆ మాట ఎవరు ఎత్తినారు, ఏమి జవాబు వచ్చింది అనేది తేదీతో రాయాలి.

అవ్వలు ఉన్నప్పుడే అడగాలి. వాళ్లకు తెలిసింది ఏ రాతి మీదా లేదు. రాసిన తర్వాత సమావేశంలో గట్టిగా చదివి, సభ్యులందరి చేత సంతకం, సంతకం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించండి. గ్రామ సభకు పోయేటప్పుడు ఆ పుస్తకం చేత పట్టుకొని పోదాం. అప్పు లెక్కలో పైసా తేడా వస్తే రాత్రి పది గంటలైనా తేల్చుకొని గానీ లేవము కదా. ఏటి లెక్క కూడా అంతే పట్టుదలగా అడుగుదాం.